రెప్ప తిప్పి చూశాకే చుక్కల మందు

(హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఆశా కార్యకర్తల శిక్షణలో ఒక కంటి వైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చివర్లో చేత్తో చేసి నేర్చుకోవాల్సిన పని ఒకటి ఉంది, దగ్గరగా ఉంటే మంచిది.

నన్ను కంటి జబ్బుల మీద మాట్లాడమన్నారు. గంటలో కన్నంతా చెప్పలేను కాబట్టి రెప్ప ఒక్కటే తీసుకున్నాను. ఎందుకు రెప్ప? శుక్లాలు, కళ్లజోళ్లు మీకు బాగా తెలుసు. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేసే కంటి వెలుగు మొదలైనప్పుడు మీలో చాలామంది క్యాంపుల్లో పనిచేశారు. 2023లో రెండో విడతలోనూ చేశారు. చార్టు పెట్టి చూపు చూడటం మీకు చేతి అలవాటైపోయింది. రెప్ప సంగతి అలా కాదు. రెప్ప మీద వచ్చేది పెద్ద జబ్బేం కాదులే అని మనందరికీ లోపల ఒక అభిప్రాయం ఉంటుంది. నాక్కూడా చాలా ఏళ్లు అదే ఉండేది. ఎందుకు మార్చుకున్నానో మధ్యలో చెబుతాను.

పొద్దున దవాఖానా తెరుస్తారు. బయట నలభై మంది ఉంటారు. ఒకాయన వచ్చి, "మేడం, కన్ను మస్తు ఎర్రగైంది, ఏదన్న చుక్కల మందు రాయుండ్రి" అంటాడు. టార్చ్ వేస్తాం. నిజమే, ఎర్రగా ఉంది. రాసేస్తాం. ఎంతసేపు పట్టింది? అర నిమిషం. ఆ అర నిమిషంలో మనం ఏం చూడలేదు? చెప్పండి. చూపు చూడలేదు. రెప్ప ముట్టుకోలేదు. రెప్ప తిప్పలేదు. అవునా?

ముందు చూపు. ఒక్కో కన్ను మూసి, ఆరు మీటర్ల దూరం నుంచి. అంత జాగా లేదంటే మూడు మీటర్ల చార్టు ఉంటుంది. అదీ లేదంటే గోడ మీది క్యాలెండర్ చూపించి రెండు కళ్లకూ తేడా అడగండి. రెప్ప జబ్బు ఒక్కటే అయితే చూపు పెద్దగా తగ్గదు. కాస్త మసకగా ఉండి, నాలుగుసార్లు రెప్ప ఆర్పగానే తేటపడితే అది రెప్ప నూనె, పుసులు వల్ల వచ్చే మసక. ఆర్పినా తేటపడకపోతే జబ్బు రెప్పతో ఆగలేదని అర్థం. ఆ మనిషికి చుక్కల మందు రాసి ఇంటికి పంపకూడదు, కంటి ఆసుపత్రికి పంపాలి.

తర్వాత రెప్ప. కిటికీ వెలుతురులో, రెండు కళ్లూ పక్కపక్కన పోల్చి చూడండి. వాపు రెప్ప మొత్తం ఉందా, ఒక్క చోటే ఉందా? వేలితో తాకండి, నొప్పి ఉందా? రెప్ప వెంట్రుకలు వరసగా ఉన్నాయా, ఎక్కడైనా రాలిపోయాయా? ఈ వెంట్రుకల ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అందరూ చూసేది కంటికురుపు. రెప్ప అంచున ఎర్రగా లేస్తుంది, ముట్టుకుంటే ప్రాణం పోయినంత నొప్పి, ఒకటి రెండు రోజుల్లో కొసన చీము కనబడుతుంది. వెంట్రుక మొదట్లో ఉండే చిన్న గ్రంథిలో బ్యాక్టీరియా చేరి వస్తుంది, ఎక్కువగా స్టెఫైలోకాకస్. మన ఇళ్లలో దీనికి ఎన్ని వైద్యాలున్నాయో మీకు చెప్పక్కర్లేదు. అరచేతిలో వేలు రుద్ది వేడి పెట్టడం, లవంగం అరగదీసి రాయడం, పసుపు, కొన్నిచోట్ల సున్నం. వేలు రుద్దితే నష్టం లేదు, చేతులు కడుక్కుని ఉంటే చాలు. కానీ లవంగం కంట్లో పడితే మంట, సున్నం పడితే కన్నే పోవచ్చు. సున్నం క్షారం. అది నల్లగుడ్డును కాల్చుకుంటూ లోపలికి పోతుంది. ఆశా అక్కలు బస్తీలో ఈ ఒక్క మాట చెప్పినా చాలు: కంటి దగ్గరికి సున్నం తేవద్దు. ఒకవేళ పడితే ఆలోచించకుండా నల్లా కింద కన్ను పెట్టి అరగంట ధారగా కడగాలి, ఆ తర్వాతే ఆటో పిలవాలి.

మరి కంటికురుపుకు మందేంటి? కాపడం. అవును, మన అమ్మమ్మలు చెప్పిన కాపడమే. ఎక్కువ కురుపులు కాపడంతోనే వారం పది రోజుల్లో పగిలి మానతాయి. యాంటీబయాటిక్ మాత్రలు మామూలు కురుపుకు అక్కర్లేదు. రెప్పంతా ఎర్రబడి, వాపు పాకుతుంటే అప్పుడు మాట వేరు. చీము కనబడింది కదా అని గిల్లకూడదు, నొక్కకూడదు, సూదితో పొడవకూడదు.

కాపడం ఎలా పెట్టాలి?

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే "కాపడం పెట్టుకోండి" అని చీటీ మీద రాస్తాం, పేషెంటు తలూపి వెళ్లిపోతారు. వారం తర్వాత వచ్చి "పెట్టినా మేడం, తగ్గలే" అంటారు. ఎలా పెట్టారమ్మా అని అడిగితే, గుడ్డ తడిపి ఒక్కసారి అద్ది తీసేశామంటారు. అది కాపడమా? రెప్పకు వేడి తగిలేలోపే గుడ్డ చల్లారిపోయింది.

రెప్ప లోపల నూనె గ్రంథులు ఉంటాయి. పైరెప్పలో సుమారు 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30, దువ్వెన పళ్లలాగా వరసగా. 1666లో హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వర్ణించాడు, అందుకే మైబోమియన్ గ్రంథులు అంటాం. మనం రెప్ప ఆర్పినప్పుడల్లా వీటి నుంచి సన్నటి నూనె పొర కన్నీటి మీద పరుచుకుంటుంది. అది ఉంటేనే కన్నీరు ఆరిపోకుండా నిలుస్తుంది. ఇప్పుడు ఆ నూనె చిక్కబడిందనుకోండి. డిసెంబరులో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తీస్తే ఏమవుతుంది? గడ్డకట్టి ఉంటుంది, ఎంత వంచినా రాదు. ఏం చేస్తాం? వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఓ ఐదు నిమిషాలు ఆగుతాం. కాపడం చేసేది అదే పని. ఆ ఐదు నిమిషాలు ఆగితేనే కరుగుతుంది.

అందుకని ఇలా చెప్పండి. వీలైతే చేసి చూపించండి. రెండు చిన్న గుడ్డలు, పాత నూలుబట్ట ముక్కలైనా సరే, ఉతికి ఎండలో ఆరేసినవి. గిన్నెలో వేడినీళ్లు, చెయ్యి పెట్టి ఉంచగలిగేంత వేడి. గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముందు మీ ముంజేతి లోపలి వైపు పెట్టి చూడండి. చురుక్కుమంటే ఆగండి. కన్ను మూసి రెప్ప మీద వేయండి. నిమిషం, నిమిషంన్నరలో చల్లారుతుంది. ఈలోపు రెండో గుడ్డ నీళ్లలో ఉంటుంది. ఇది తీసి అది వేయండి. ఇలా మార్చుకుంటూ పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. గుడ్డ పెట్టుకుని కాసేపు పాట వినమని చెబుతాను నేను. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకూ చిన్నపిల్లలకూ వేడి ఎంతుందో వేరేవాళ్లు చూడాలి. ఉడికిన గుడ్డు మూటకట్టి పెట్టొద్దు, దాని వేడి మన అదుపులో ఉండదు, రెప్ప తోలు కాలిపోయినవాళ్లను చూశాను.

కాపడం తర్వాత చేతులు కడిగి, శుభ్రమైన వేలితో పైరెప్పను పైనుంచి కిందికి, కిందిరెప్పను కిందినుంచి పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమరాలి. కరిగిన నూనె బయటికి రావాలి కదా. కురుపు చీము పట్టి నొప్పిగా ఉన్నప్పుడు మాత్రం ఈ నిమరడం వద్దు, వట్టి కాపడమే.

గట్టి గడ్డ, నొప్పి లేని గడ్డ

కురుపు తగ్గి, లోపల శనగగింజంత గట్టి గడ్డ మిగిలిపోవచ్చు. కొన్నిసార్లు కురుపు లేకుండానే మొదలవుతుంది. నొప్పి ఉండదు, రెప్ప తోలు దాని మీద జారుతుంది. చలేజియన్ అంటాం. నూనె గ్రంథి మూసుకుపోయి, నూనె చుట్టుపక్కలకు కారి, శరీరం దాన్ని చుట్టేసిన గడ్డ. చీము కాదు, కాబట్టి యాంటీబయాటిక్ దీన్ని కరిగించదు. కాపడమే పెట్టాలి, ఓపికగా, నెల రెండు నెలలు. చాలావరకు కరుగుతాయి. కరగకపోతే కంటి డాక్టరు రెప్ప లోపలి వైపు నుంచి చిన్న కోత పెట్టి గీకి తీస్తారు, లేదా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. పదిహేను నిమిషాల పని.

ఇప్పుడు నేను చెబుతానన్న విషయానికి వస్తున్నాను.

చాలా ఏళ్ల క్రితం ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. కుడి పైరెప్ప మీద గడ్డ. "గీ జాగలనే మళ్ల లేసింది బిడ్డా, రెండుసార్లు తీసిండ్రు" అంది. గీ జాగలనే అంది. ఆ మాట నా చెవిన పడింది, మనసుకు ఎక్కలేదు. చలేజియనే అనుకున్నాను. గీకి తీశాను. వచ్చిన ముక్కను ట్రేలో గాజుగుడ్డతో పాటు పారేశాను. పరీక్షకు పంపలేదు.

ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. ఈసారి గడ్డ ఉన్నచోట రెప్ప వెంట్రుకలు లేవు. అంచు మందంగా, పచ్చగా ఉంది. చెవి ముందు వేలు పెడితే చిన్న బిళ్ల తగిలింది, అంటే అక్కడి లింఫ్ గ్రంథి ఉబ్బింది. అప్పుడు పంపాం ముక్కను. సెబేషియస్ గ్రంథి క్యాన్సర్, అంటే రెప్ప నూనె గ్రంథికి వచ్చే క్యాన్సర్ అని వచ్చింది. కన్ను దక్కింది కానీ పైరెప్పలో సగానికి పైగా తీసేయాల్సి వచ్చింది, మెడ దాకా వైద్యం చేయాల్సి వచ్చింది. ఎనిమిది నెలల ముందు ఆ ముక్కను సీసాలో వేసి పంపి ఉంటే పని ఇంకా చిన్నగా తేలేది. ఆ తప్పు నాది. ఇలా నలుగురి ముందు ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ ముందుగా వచ్చేది మీ దగ్గరికే. నా దగ్గరికి వచ్చేసరికి మూడోసారో, నాలుగోసారో అవుతుంది.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో రెప్ప క్యాన్సర్ అంటే బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సరే ఎక్కువని రాసి ఉంటుంది. మన దగ్గర అలా కాదు. ఇక్కడే, మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2019లో ప్రచురించిన అధ్యయనంలో రెప్ప క్యాన్సర్లలో సగానికి పైగా ఈ సెబేషియస్ రకమే. ఇది చలేజియన్‌లాగా వేషం వేసుకుని వస్తుంది. కొన్నిసార్లు ఒకే కంట్లో నెలల తరబడి తగ్గని ఎరుపులాగా, రెప్ప అంచు వాపులాగా కూడా వస్తుంది. అందుకే నా మాటగా రాసుకోండి: నలభై దాటిన మనిషికి అదే చోట రెండోసారి గడ్డ రావడం, లేదా గడ్డ దగ్గర వెంట్రుకలు రాలడం, పుండు పడటం, రక్తం చెమ్మగిల్లడం, ఒకే కంటి రెప్ప వాపు మందులకు లొంగకపోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా కాపడంతో కాలం గడపొద్దు. చీటీలో "బయాప్సీ కోసం", అంటే ముక్క తీసి పరీక్ష చేయడానికి అని రాసి పంపండి. మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, అక్కడికి పంపొచ్చు. పంపాక ఫోన్ చేసి వెళ్లారా లేదా కనుక్కోండి. ఆశా అక్కలూ, ఈ ఫోన్ మీరు చేయాలి. నొప్పి లేని గడ్డకు ఎవరూ పనిదినం పోగొట్టుకుని ఆసుపత్రికి పోరు.

సరే. ఇంకో పెద్ద గుంపు ఉంది. "కండ్లు మంటలేస్తున్నయ్, పొద్దుగాల లేస్తే రెప్పలు అతుక్కుంటున్నయ్" అంటారు. రెండు కళ్లూ. ఏళ్ల తరబడి. పది రకాల చుక్కల మందులు వాడి ఉంటారు. రెప్ప అంచు దగ్గరగా చూడండి. వెంట్రుకల మొదట్లో చుండ్రు పొట్టులాగా ఉందా? తల చూడండి, చుండ్రు ఉంటుంది. బ్లెఫరైటిస్ ఇది. కొందరిలో ప్రతి వెంట్రుక మొదట్లో చిన్న గొట్టంలాగా పొట్టు చుట్టుకుని ఉంటుంది. అది డెమొడెక్స్ అనే కంటికి కనబడని పురుగు గుర్తు.

దీనికి వైద్యం చెప్పేముందు ఒక మాట చెప్పాలి: ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. ఈ మాట చెప్పకపోతే పేషెంటు పదకొండో డాక్టరు దగ్గరికి పోతారు. రోజూ పళ్లు తోముకున్నట్టే రోజూ రెప్పలు కడుక్కోవాలి. ముందు కాపడం, తర్వాత నిమరడం, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో పిల్లల షాంపూ రెండు చుక్కలు కలిపి, దూదిపుల్లతో కన్ను మూసుకుని వెంట్రుకల మొదళ్లు తుడవాలి. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు, తర్వాత ఒకసారి. తలకు చుండ్రు మందు వాడాలి. రెప్ప అంచుకు ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు కొన్నాళ్లు రాత్రిపూట రాయొచ్చు. మరీ మొండికేస్తే డాక్సీసైక్లిన్ మాత్రలు ఉన్నాయి. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అవి ఇవ్వకూడదు. కాటుక, సుర్మా ఆపమనండి. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, పసిపిల్లల మెదడుకు అది విషం. పాతబస్తీలో పనిచేసేవాళ్లు ఈ మాట మర్యాదగా, ప్రేమగా చెప్పండి. వాళ్ల ఆచారాన్ని తప్పుపడితే మన మాట వినరు.

ఇక్కడే నా మనసులో ఉన్న పెద్ద బాధ చెప్పుకోవాలి. ఈ మంట కళ్లవాళ్లకు ఎప్పుడో ఎవరో స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు ఇచ్చి ఉంటారు. వేసుకోగానే ఎరుపు మాయం. బ్రహ్మాండంగా పనిచేసిందనుకుంటారు. ఆ ఖాళీ సీసా పట్టుకుని మెడికల్ షాపుకు పోతే చీటీ అడగకుండా ఇచ్చేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి వేస్తారు. లోపల కంటి ప్రెషర్ పెరుగుతుంది, నీటికాసుల జబ్బు వస్తుంది, శుక్లం వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. అందుకని మంట కళ్లవాళ్లు ఎవరొచ్చినా, వాడిన సీసాలన్నీ సంచీలో తెమ్మనండి. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు వెతకండి. ఉంటే ప్రెషర్ చూడమని కంటి ఆసుపత్రికి పంపండి.

రెప్పలకు దురద, తోలు ముడతలు పడి పొట్టు లేవడం, ఇది ఎలర్జీ. మూడు రోజుల ముందు జుట్టుకు రంగు వేశారా అని అడగండి. మగవాళ్లనూ అడగండి. గోళ్ల రంగు కూడా కారణమే, గోళ్ల దగ్గర ఏమీ ఉండదు కానీ చేయి తాకిన రెప్ప వాస్తుంది. కారణం ఆపితే చాలు. లోపలి మూలల్లో పసుపుపచ్చ మచ్చలు, గ్జాంథెలాస్మా, నొప్పి ఉండదు. కొలెస్ట్రాల్ పరీక్ష ఒకసారి చేయించండి. ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది, కాబట్టి ముందే భయపెట్టొద్దు.

ఇక ఆ రోజే పంపాల్సినవి. వీటికి రేపు అనే మాట లేదు.

పిల్లవాడు, జలుబు చేసి రెండు రోజులైంది, ఒక రెప్ప ఎర్రగా ఉబ్బి మూసుకుపోయింది, జ్వరం. రెప్పలు వేళ్లతో మెల్లగా తెరవండి. ఏడుస్తాడు, అయినా తెరవాలి. గుడ్డు తెల్లగా ఉండి, నాలుగు వైపులా తిరుగుతూ, చూపు బాగుంటే ఇన్ఫెక్షన్ రెప్ప వరకే. గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, కన్ను తిప్పితే నొప్పన్నా, తిరగకపోయినా, చూపు తగ్గినా అది కంటి గుంతలోకి దిగింది. పక్కనున్న సైనస్ నుంచి వస్తుంది, మెదడుకు పాకుతుంది. పెద్దాసుపత్రికి, వెంటనే. ఏడుపు వల్ల తెరవలేకపోతే, తెరిచినా తేల్చుకోలేకపోతే, అప్పుడూ పంపడమే.

సర్పి. నుదుటి మీద ఒక పక్కనే నీటి పొక్కులు, మంట, రెప్ప వాపు. ముక్కు కొస చూడండి. ముక్కు కొస మీద పొక్కు ఉంటే లోపల కన్ను కూడా దెబ్బతినే అవకాశం ఎక్కువ, ఆ కొసకూ కంటికీ నరం ఒకటే కాబట్టి. ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు, పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలైతే మేలు. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. మొదటి మోతాదు మీ దగ్గరే ఇచ్చి పంపండి. మట్టి పూసి, మంత్రం వేయించి నాలుగో రోజు వస్తారు, ఆ నాలుగు రోజులే మనకు నష్టం.

రెప్ప వాలడం. ఉన్నట్టుండి ఒక రెప్ప వాలింది, తలనొప్పి, ఆ కంటి పాప పెద్దగా ఉంది. మెదడు రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు. అంబులెన్సు పిలవాలి. రెండు రెప్పలూ సాయంత్రానికి వాలుతూ, పొద్దున బాగుంటే మయస్తీనియా, అంటే కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు, అనుమానించండి. పైకి చూడమని ఒక నిమిషం ఆపండి, రెప్ప మెల్లగా దిగిపోతుంది.

ఇంకోటి. నగరం అంచుల్లో, కట్టడాల దగ్గర గుడిసెల్లో, నేల మీద పడుకునేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. పొద్దున లేచేసరికి రెండు రెప్పలూ ఎత్తలేకపోతున్నాడు, కడుపునొప్పి, మింగలేకపోతున్నాడు. ఒంటి మీద గాటు ఎక్కడా కనబడదు. కట్లపాము. దాని కాటుకు నొప్పి, వాపు చాలాసార్లు ఉండవు. వాలిన రెప్పే మొదటి గుర్తు. కంటి డాక్టరు దగ్గరికి కాదు, యాంటీవీనమ్ అనే పాము విషం విరుగుడు మందు, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి పంపాలి.

చివరిది నలుసు. మన ఊళ్లో బండి మీద తిరిగేవాళ్లకు, ఆటోవాళ్లకు, మేస్త్రీలకు రోజూ ఉండేదే. "కంట్ల ఏదో పడ్డట్టే ఉంది, కనిపిస్తలేదు" అంటారు. కనిపించదు, ఎందుకంటే అది పైరెప్ప లోపలి వైపు అతుక్కుని ఉంటుంది. రెప్ప ఆర్పినప్పుడల్లా నల్లగుడ్డును గీకుతూ ఉంటుంది. చుక్కల మందు ఎన్ని వేసినా తగ్గదు, రెప్ప తిప్పి తడి దూదితో తీస్తే క్షణంలో తగ్గుతుంది.

ఎలా తిప్పాలి? పేషెంటును కిందికి, తన కాలి బొటనవేలు చూడమనండి. చూస్తూనే ఉండమనండి. పైరెప్ప వెంట్రుకలు పట్టుకుని ముందుకు, కిందికి లాగండి. ఇంకో చేత్తో ఇయర్‌బడ్ రెప్ప అంచుకు ఒక సెంటీమీటరు పైన అడ్డంగా పెట్టి మెల్లగా నొక్కుతూ, వెంట్రుకలు పైకెత్తండి. రెప్ప తిరగబడుతుంది. గుడ్డు మీద నొక్కకూడదు, నొక్కేది రెప్ప లోపల ఉండే గట్టి బిళ్ల మీద. చూశాక పైకి చూడమంటే రెప్ప దానంతట అదే సర్దుకుంటుంది. దెబ్బ తగిలి గుడ్డు చిట్లిందన్న అనుమానం ఉంటే మాత్రం రెప్ప జోలికి పోవద్దు, నొక్కకుండా పైన కప్పు పెట్టి పంపండి.

రండి, ఇద్దరిద్దరుగా కూర్చోండి. చేతులు కడుక్కునే చోటు తలుపు పక్కన ఉంది. గోళ్లు పెరిగినవాళ్లు ముందు కత్తిరించుకోండి, నెయిల్‌కట్టర్ బల్ల మీద పెట్టాను. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్లు తీసేయండి. ఇయర్‌బడ్ డబ్బా ఇదిగో. సిస్టర్, మొదట మీరు నా రెప్ప తిప్పండి, నేను కిందికి చూస్తున్నాను.